మిషన్ బడి, మూడు దారులు – బిర్సా నుంచి జైపాల్ సింగ్ దాకా

కాస్త పెద్ద పోస్టు, తీరిక చూసుకుని చదవండి.

పోయిన నెల మన హాస్టల్ తమ్ముడొకడు రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. డిగ్రీ రెండో ఏడు. ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచి చర్చికి వెళ్తున్నాడు. "అన్నా, ఊర్లో భూమి పండగకి రమ్మంటున్నారు. వెళ్తే చర్చిలో వాళ్లు ఏమనుకుంటారో. వెళ్లకపోతే ఊరోళ్లు నువ్వు మావాడివే కాదంటారు. మొన్న మనోళ్లే ఒకరు, నువ్వింక ఆదివాసీవే కాదు, సర్టిఫికెట్ ఇచ్చెయ్ అన్నారు. ప్రభువు నా జీవితానికి ఒక దారి చూపించాడని నమ్ముతున్నా అన్నా. మరి ఆ దారిలో మా తాత లేడా?" అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. పడుకో తమ్మీ, తర్వాత మాట్లాడదాం అన్నా. ఈ పోస్టు ఆ "తర్వాత". వాడి ప్రశ్న కొత్తదేం కాదు. నూట డెబ్బై ఏళ్ల కిందట ఛోటానాగపూర్ అడవుల్లో, ఇప్పటి జార్ఖండ్‌లో, ముండా, ఒరాన్ పిల్లలు ఇదే ప్రశ్న ముందు నిలబడ్డారు. వాళ్లేం చేశారో తెలిస్తే మనం ఒకరినొకరు అనే మాటలు కొంచెం తగ్గుతాయని నా ఆశ.

ముందు భూమి సంగతి చెప్పాలి. ముండాల ఊరికి పునాది ఖూంట్‌కట్టీ. అడవి కొట్టి ఊరు కట్టిన వంశం వాళ్లదే ఆ భూమి. ఒక్కడిది కాదు, వంశమంతటిదీ. అమ్ముకునేది కాదు, సాగు చేసుకునేది. తర్వాత రాజులు, జాగీర్దార్లు, ఠేకేదార్లు, వడ్డీ వ్యాపారులు దిగారు. వాళ్లని ముండాలు "దికూలు" అన్నారు. భూమి కాగితాల్లో దికూల పేరు మీదకి పోయింది. సొంత భూమిలోనే ముండా రైతు వెట్టి చేసే స్థితి వచ్చింది. 1831–32లో కోల్ తిరుగుబాటు జరిగింది. అణిచేశారు. కోర్టుకి పోదామంటే భాష రాదు, చదువు రాదు, వకీలుకి ఇవ్వడానికి డబ్బు లేదు. మన తాతల కథలాగే ఉంది కదా?

ఆ సమయంలో 1845 నవంబర్ 2న బెర్లిన్ నుంచి గోస్నర్ మిషన్ వాళ్లు నలుగురు రాంచీ చేరారు. అసలు వాళ్లు రావాల్సింది అక్కడికి కాదు. కలకత్తా వీధుల్లో కూలి పని చేస్తున్న ఛోటానాగపూర్ మనుషులని చూసి, వీళ్ల ఊరెక్కడో అడిగి బయల్దేరారు. ఐదేళ్ల దాకా ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. 1850 జూన్ 9న మొదటిసారి నలుగురు ఒరాన్‌లు తీసుకున్నారు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత వేలల్లో వచ్చారు. 1885లో తోర్పా చేరిన కాన్‌స్టంట్ లీవెన్స్ అనే కాథలిక్ ఫాదర్, భూమి కేసుల్లో ఆదివాసీల తరఫున నిలబడ్డాడు. కోర్టులో ఏం మాట్లాడాలో, రసీదు ఎందుకు అడగాలో, వెట్టికి కాదని ఎలా చెప్పాలో నేర్పాడు. కొద్ది ఏళ్లలోనే ఊర్లకి ఊర్లు ఆయన వెంట నడిచాయి.

"డబ్బు కోసం, బియ్యం కోసం మారారు" అని ఇప్పటికీ తేలిగ్గా అనేస్తారు. చరిత్ర అంత తేలికైంది కాదు. కొందరు భూమి కోసం వచ్చారు, నిజమే. కొందరు చదువు కోసం వచ్చారు. కొందరు చేతబడి అనుమానాల భయం నుంచి బయటపడాలని వచ్చారు. కొందరు, దేవుడి ముందు జమీందారూ వెట్టివాడూ ఒకటే అన్న మాట గుండెకి తగిలి వచ్చారు. తలవంచుకుని బతికిన వాడికి ఆ మాట ఎంత పెద్దదో, తలెత్తుకుని పుట్టినవాడికి అర్థం కాదు.

అయితే దానికి కట్టిన ధర కూడా ఉంది, దాచొద్దు. అఖ్‌డా మీద ఆడొద్దన్నారు. సర్నా వనానికి పోవద్దన్నారు. బియ్యపు సారా ముట్టొద్దన్నారు. అన్న చర్చిలో, తమ్ముడు సర్నాలో. ఇళ్లు రెండయ్యాయి. ఆ బాధ అక్కడి ఊర్లలో ఇప్పటికీ ఉంది, మన ఊర్లలోనూ ఉంది.

ఇక మూడు దారుల్లోకి వద్దాం.

మొదటి దారి బిర్సాది.

బిర్సా ముండా 1875 నవంబర్ 15న ఉలిహాతులో పుట్టాడని అందరికీ తెలుసు. ఆయన చిన్నప్పుడు క్రైస్తవుడు అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలీదు. బాప్తిస్మంలో పెట్టిన పేరు దావూద్. అంటే దావీదు. 1886 నుంచి 1890 దాకా చాయ్‌బాసాలో జర్మన్ మిషన్ బడిలో చదివాడు.

ఆ రోజుల్లో ముండా సర్దార్లు భూమి కోసం పోరాడుతున్నారు. అర్జీల మీద అర్జీలు పెట్టారు. వాళ్లలో చాలామంది క్రైస్తవులే. మిషన్ మన వైపు నిలబడుతుంది, పోయిన భూమి తిరిగొస్తుంది అని ఆశపడ్డారు. మిషనరీలు కొంత దూరం వచ్చారు కానీ, ప్రభుత్వానికి ఎదురు తిరిగే దాకా రాలేదు. సర్దార్లదే తప్పన్నట్టు మాట్లాడారు. బిర్సాకి అది గుచ్చుకుంది. మిషన్ వదిలేశాడు.

వదిలేసి తాతల దారిలోకి అచ్చంగా తిరిగి వెళ్లాడా అంటే, అలా కూడా కాదు. 1895లో ఆయన చెప్పిన ధర్మంలో దేవుడు ఒక్కడే, సింగబోంగా. బోంగాలకి బలులు వద్దన్నాడు, తాగుడు వద్దన్నాడు, శుభ్రంగా ఉండమన్నాడు. అందులో ముండా నమ్మకం ఉంది, కొంత కాలం వైష్ణవుల దగ్గర నేర్చుకున్నది ఉంది, మిషన్ బడిలో విన్నదీ ఉంది. అన్నీ కలిసి బిర్సా చేతిలో ఒకే మాట అయ్యాయి. ఈ నేల మాది, ఈ రాజ్యం మాది.

1899 క్రిస్మస్ వేళ ఉల్‌గులాన్ మొదలైంది. 1900 జనవరి 9న డోంబారి కొండల దగ్గర సైన్యం కాల్పులు జరిపింది. బిర్సా దొరికాడు. రాంచీ జైల్లో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఐదేళ్లు నిండలేదు. తేదీ 1900 జూన్ 9. మొదటి బాప్తిస్మానికి సరిగ్గా యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో ఒక జనం ఎంత ఆశపడిందో, ఎంత మోసపోయిందో, మళ్లీ ఎలా లేచిందో అంతా ఆ రెండు తేదీల మధ్యే ఉంది.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పకపోతే అన్యాయం. ఆ క్రిస్మస్ వేళ బిర్సా మనుషులు బాణాలు వేసిన చోట్లలో సర్వదా మిషన్ ఒకటి. అక్కడున్న ఫాదర్ హాఫ్‌మన్ మీదా బాణం వేశారు. ఆయన బతికాడు. ముండాలు తన మీద బాణం ఎందుకు వేశారో ఆలోచించినట్టే ఉంది ఆయన తర్వాతి జీవితమంతా. ఖూంట్‌కట్టీ అంటే ఏంటో ప్రభుత్వానికి విడమరిచి చెప్పాడు. 1908లో వచ్చిన ఛోటానాగపూర్ కౌలు చట్టంలో ఆ హక్కుకి చోటు దొరకడంలో ఆయన పాత్ర ఉంది. 1909లో సహకార పరపతి సంఘం మొదలుపెట్టాడు, వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా. ముండా భాష, ఆచారాల మీద ఎన్నో సంపుటాల విజ్ఞాన సర్వస్వం కూర్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ అని దేశం నుంచి పంపేస్తే, అక్కడ కూర్చుని కూడా ఆ పని వదల్లేదు.

మనకి 1/70 చట్టం ఎలాగో అక్కడ వాళ్లకి 1908 చట్టం అలాగ. ఆదివాసీ భూమి బయటోళ్ల చేతికి పోకుండా అడ్డుగోడ. ఆ గోడ బిర్సా రక్తంతో లేచింది. దాన్ని కాగితం మీద రాయడానికి సాయం చేసినవాళ్లలో బిర్సా మనుషులు బాణం వేసిన ఫాదరీ కూడా ఉన్నాడు. "చర్చి అంతా శత్రువు" అనేవాళ్లకీ, "చర్చే మనల్ని కాపాడింది" అనేవాళ్లకీ ఈ కథ రెండు చెంపలా తగలాలి.

రెండో దారి విద్యార్థులది. ఇది మన గ్రూపుకి మరీ దగ్గరైంది.

1910 దాటాక ఛోటానాగపూర్‌లో చదువుకుంటున్న క్రైస్తవ ఆదివాసీ విద్యార్థులు కొందరు ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. మొదటి పని చాలా మామూలుది. పేద పిల్లల ఫీజులకి డబ్బు పోగుచేయడం. అంతే. మనం పుస్తకాలకీ, పరీక్ష ఫీజులకీ చందాలు వేసుకుంటాం చూడండి, అలాంటిదే. వీళ్లు చర్చి వదల్లేదు. చర్చిలోనే ఉండి, చర్చి తమకిచ్చిన చదువుని జనానికి ఎలా వాడాలా అని ఆలోచించారు. అందులోంచి 1915లో ఛోటానాగపూర్ ఉన్నతి సమాజ్ పుట్టింది. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు, మా ప్రాంతానికి వేరే పాలన కావాలి అని అర్జీ ఇచ్చింది ఆ సమాజమే. జార్ఖండ్ అనే రాష్ట్రం ఆలోచనకి పాదు అక్కడ పడింది.

వాళ్ల తప్పు కూడా చెప్పుకోవాలి. లూథరన్లు ఒకవైపు, ఆంగ్లికన్లు ఒకవైపు, కాథలిక్కులది వేరే సభ. చర్చిల మధ్య పోటీ సంఘాల్లోకి వచ్చింది. సర్నా ఆదివాసీలకి ఇది చదువుకున్న క్రైస్తవుల వ్యవహారంలా కనిపించింది. 1937 ఎన్నికల్లో విడివిడిగా నిలబడి ఎక్కువ చోట్ల ఓడిపోయారు. ఓడాక కళ్లు తెరుచుకున్నాయి. 1938లో ఆ సంఘాలన్నీ ఒక్కటయ్యాయి. అదే ఆదివాసీ మహాసభ. పేరు చూడండి. క్రైస్తవ అనలేదు, సర్నా అనలేదు. ఆదివాసీ అన్నారు.

అదే రోజుల్లో ఇంకో సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల జర్మన్ మిషనరీలు వెళ్లిపోతే, గోస్నర్ చర్చి 1919లో తన కాళ్ల మీద తాను నిలబడి స్వతంత్ర చర్చి అయింది. తెల్లదొర లేకపోయినా నమ్మకం నిలిచింది. అంటే అది అప్పటికే పరాయి సొత్తు కాదు, వాళ్ల సొంతమైపోయింది.

మూడో దారి జైపాల్ సింగ్ ముండాది.

ఖూంటీ దగ్గర టకరా అనే ఊరు. రికార్డుల్లో పుట్టిన ఏడాది 1903. పాహన్ల ఇంటి పిల్లాడు. పాహన్ అంటే ముండా ఊరి పూజారి. మన ఊర్లలో వేల్పు దగ్గర పూజ చేసే పెద్ద ఉంటాడే, అలాగ. అలాంటి ఇంటి పిల్లాడిని రాంచీలో ఆంగ్లికన్ మిషన్ వాళ్ల సెయింట్ పాల్స్ బడిలో వేశారు. పిల్లాడు చురుకు. బడి పెద్ద కానన్ కాస్‌గ్రేవ్ 1918లో ఇంగ్లాండ్ తీసుకెళ్లాడు. ఈ పిల్లాడు పాదిరి అవుతాడు, తన జనానికి సువార్త చెప్తాడు అని చర్చి లెక్క. కాంటర్‌బరీలో సెయింట్ అగస్టీన్ కాలేజీలో పెట్టారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీ.

జైపాల్ పాదిరి కాలేదు. అర్థశాస్త్రం చదివాడు, హాకీ ఆడాడు. ఐసీఎస్ శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి భారత హాకీ జట్టు కెప్టెన్‌గా రమ్మన్నారు. సెలవు ఇవ్వలేదు. అయినా వెళ్లాడు. భారత్ ఐదు మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టింది, ఒక్కటి కూడా తీసుకోలేదు. దేశానికి మొదటి హాకీ స్వర్ణం. జట్టులో వచ్చిన గొడవల వల్ల జైపాల్ ఫైనల్ ఆడకుండానే తప్పుకున్నాడు. తిరిగొస్తే, శిక్షణ ఇంకో ఏడాది చేయమన్నారు. ఐసీఎస్ వదిలేశాడు.

తర్వాత పదేళ్లు చూస్తే ఇతనికి దారి దొరికిందా అని అనుమానం వస్తుంది. చమురు కంపెనీలో ఉద్యోగం. ఆఫ్రికాలో, ఇప్పటి ఘనాలో, అచిమోటా కాలేజీలో పాఠాలు. రాయ్‌పూర్‌లో రాజకుమారుల కాలేజీ. బికనీర్ సంస్థానంలో పదవి. మంచి జీతం, మంచి బంగ్లా. మనలో చాలామంది ఇలాగే కదా. ఐటీడీఏ హాస్టల్ నుంచి సిటీకి, సిటీ నుంచి ఇంకో సిటీకి. ఊరు వెనకాల ఎక్కడో ఉంటుంది.

1938 చివర్లో రాంచీ వచ్చాడు. 1939 జనవరిలో ఆదివాసీ మహాసభకి అధ్యక్షుడయ్యాడు. వేలమంది వచ్చారు, నడిచి వచ్చారు. చర్చిలో వాళ్లు, సర్నా వాళ్లు, అందరూ. అప్పటి నుంచి ఆయన్ని "మరంగ్ గోమ్కే" అన్నారు. పెద్ద నాయకుడు అని.

రాజ్యాంగ సభలో 1946 డిసెంబర్ 19న ఆయన మాట్లాడిన తీరు మనలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. తనని జంగ్లీ అంటారని, అలా అనిపించుకోవడం తనకి గర్వమని చెప్పాడు. ఆదివాసీలకి ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలన్నాడు. అది ఆక్స్‌ఫర్డ్‌లో నేర్చిన ఇంగ్లీషు, కానీ మాట టకరా ఊరి కచేరీది.

ఇంకొకటి నాకు మరీ ఇష్టం. 1948లో మద్యనిషేధం గురించి చర్చ వచ్చింది. మిషన్ బడి అయితే తాగుడు పాపం అనే నేర్పింది. జైపాల్ లేచి ఏం చెప్పాడంటే, బియ్యపు సారా ఆదివాసీ పూజల్లో, పండగల్లో భాగం, రోజంతా నీళ్లలో నిలబడి నాట్లేసేవాళ్లకి అది ఆధారం, వాళ్లని అడక్కుండా వాళ్ల ఆచారం మీద చెయ్యి వేయకండి అన్నాడు. తాగమని చెప్పడానికి కాదు ఇది రాస్తోంది. మన ఊర్లలో తాగుడు ఏం చేస్తుందో నాకు తెలుసు. నేను చూసేది ఇంకొకటి. బాప్తిస్మం తీసుకుని మిషన్ బడిలో పెరిగిన మనిషి, బాప్తిస్మం తీసుకోని తన వాళ్ల పూజ కోసం దేశం ముందు నిలబడ్డాడు. పాహన్ ఇల్లు ఆయన లోపల చావలేదు.

ఆయన అన్నీ గెలవలేదు. 1952 ఎన్నికల్లో జార్ఖండ్ పార్టీ బిహార్ అసెంబ్లీలో 32 సీట్లతో ముఖ్య ప్రతిపక్షం అయింది. 1963లో ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశాడు. చాలామంది క్షమించలేదు. 1970 మార్చి 20న చనిపోయాడు. రాష్ట్రం చూడలేదు. జార్ఖండ్ 2000 నవంబర్ 15న వచ్చింది. అది బిర్సా పుట్టినరోజు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వస్తా.

బిర్సా బడి వదిలి దారి వెతుక్కున్నాడు. ఆ విద్యార్థులు లోపలే ఉండి దారి వేశారు. జైపాల్‌కి చర్చి ఒక దారి గీసిచ్చింది, ఆయన వేరే దారి పట్టాడు. ముగ్గురిలో ఎవరు కరెక్ట్ అని నన్నడగొద్దు. ముగ్గురికీ ఒకటే పోలిక. ముగ్గురి దారీ చివరికి ఊరి వైపే తిరిగింది. ఊరి భూమి వైపు, ఊరి మనిషి వైపు.

అందుకే నేను ఈ మాట అంటా. నమ్మకం దారి చూపించిందా లేదా అని కొలవడానికి, ఆదివారం ఎక్కడ కూర్చున్నావు అన్నది సరిపోదు. ఆ దారి నిన్ను నీ వాళ్ల దగ్గరికి తెచ్చిందా, దూరం చేసిందా చూడు. ప్రార్థన చేసి లేచాక ముసలి తాత మీద ప్రేమ పెరిగితే అది దారే. తాతని చూసి సిగ్గుపడితే, ఎక్కడో మలుపు తప్పావు. ఇది చర్చికి వెళ్లేవాళ్లకే కాదు. జెండా పట్టుకుని "అసలు ఆదివాసీలం మేమే" అని సొంత తమ్ముడిని బయటికి తోసేవాళ్లకీ ఇదే కొలత.

సర్టిఫికెట్ గురించి కూడా ఒక మాట. ఎస్సీలకి సంబంధించిన 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీల ఉత్తర్వులో లేదు. ఎస్టీ హోదా తెగని బట్టి, పుట్టుకని బట్టి. ఏ దేవుడికి మొక్కుతాడన్న దాన్ని బట్టి కాదు. ఇది చట్టం. మార్చాలని కొందరు అడుగుతున్నారు, వాదన వాళ్లిష్టం. కానీ మనలో మనం ఒకడి సర్టిఫికెట్ లాక్కుంటాం అనుకునే ముందు, 1937లో విడిపోయి ఓడినవాళ్లని, 1938లో కలిసి లేచినవాళ్లని ఒకసారి తలచుకోండి. మన భూమి మీద కన్నేసినోడు మన మతం అడగడు. సర్వే నంబర్ అడుగుతాడు.

తమ్ముడికి ఇదంతా ఫోన్లో చెప్పా, గంటన్నర. పండక్కి వెళ్లు అన్నా. పూజలో కూర్చోవాలా వద్దా నీ మనసు నీది, కానీ ఊర్లో ఉండు అన్నా.

వెళ్లాడు. పూజ దగ్గర కొంచెం దూరంగా నిలబడ్డాడంట, ఎవరూ ఏమీ అనలేదంట. భోజనాలయ్యాక తాత ట్రంకుపెట్టెలోంచి పోడు భూమి పట్టా కాగితం తీసి, ఇందులో ఏముందో ఎవడూ నాకు చదివి చెప్పలేదురా అన్నాడంట. వీడు అక్షరం అక్షరం చదివి వినిపించాడు. హద్దుల్లో ఒక వైపు తప్పు పడిందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు తాతా మనవడూ కలిసి ఆ తప్పు సరిచేయించే పనిలో ఉన్నారు.

మీ ఊర్లలో ఇలాంటి కథలుంటే రాయండి. చర్చి నుంచి వచ్చినవాళ్లవైనా, వేల్పు దగ్గర నుంచి వచ్చినవాళ్లవైనా. మాట్లాడుకుందాం, తిట్టుకోకుండా.

జోహార్.